రెండు పంక్తుల చోటు

ఫుట్‌బాల్ గెలుపు మూడు కాలమ్‌లు మింగేసింది.
కొత్త జిమ్నేషియానికి దాత ఇచ్చిన సొమ్ము,
గ్లీ క్లబ్ రైలెక్కిన కబురు,
టోపీల దుకాణం ప్రకటన,
అన్నీ సర్దేసరికి
అడుగున రెండు పంక్తుల చోటు.

గంట కొట్టే ఎనాక్ ట్రాస్క్ ఈ సాయంత్రమే పోయాడు.
ముప్పై ఒక్క చలికాలాలు
తిట్టుకుంటూ మమ్మల్ని లేపినవాడు.

కిరసనాయిలు దీపం పొగలో
సీసపు అక్షరాలు తిరగేసి పేరుస్తున్నాను.
పేరు పట్టింది. ఊరు పట్టలేదు.
టోపీల ధర తీసేద్దామంటే
ఎడిటర్ లాథ్రప్ ఒప్పుకోడు:
"డబ్బులిచ్చాడోయ్ ఆయన!"

తెల్లారి తడి ఆరని పత్రికలు
గుమ్మం గుమ్మానికీ పడేశాను.
ఎనిమిదైంది.
గ్రీకు క్లాసు ఖాళీ, ప్రొఫెసర్‌తో సహా.
మంచు మీద నా అడుగులొక్కటే.

మెట్లెక్కి
సిరా చేతులతో తాడు పట్టుకున్నాను.

ఇంత బరువా, ఎనాక్?