ఆ గడిలో ఒకటి

సరస్సు ఒడ్డున మా జిల్లా ఆఫీసు.
కిటికీ తీస్తే చేపల వాసన, మూస్తే పాత కాగితాల వాసన.
పందొమ్మిదేళ్ళుగా ఈ బల్ల నాది.
బోరింగుల రిజిస్టరంతా నా చేతిరాతే:
ఊరు, పంపు, లోతు, తేదీ,
చివరి గడిలో ఎప్పుడూ ఒకే మాట, ‘పనిచేస్తోంది.’
వెళ్ళి చూశామా?
ఎండల్లో జీపుకి డీజిలుండదు, వానల్లో దారుండదు.
కాకిలెక్కలకి మాత్రం అన్ని కాలాలూ పంటకాలమే.

నైరోబీ నుంచి ఉత్తర్వొచ్చింది:
ఉన్న లెక్కలన్నీ జనం ముందు పెట్టండి.
ఒబుయా దొరగారు మూడు రాత్రులు ఆలోచించి
రిజిస్టర్లకి ఫోటోలు తీయించారు,
వంకరగా, పట్టుకున్న వేళ్ళ నీడలతో సహా.
తాళం తీశారు, నిజమే.
తలుపు వెనకాల గోడ కట్టారు.

గోడ తవ్వింది అపోండి,
ఆ ఏడే ఉద్యోగంలో చేరిన పిల్ల.
ఒక్కో అంకెనీ ఒక్కో గడిలోకి దింపింది,
బియ్యంలో రాళ్ళేరినట్టు, ఆరు నెలలు.
‘ఎవరు చూస్తారమ్మా ఇదంతా’ అని నవ్వాను.

చూశారు.
న్యామోరిలో సైకిళ్ళు బాగుచేసే ఓదెరా
ఫోనులో పటం పెట్టుకుని
పంపు నుంచి పంపుకి తొక్కుకుంటూ పోయాడు.
పద్నాలుగు చోట్ల ‘పనిచేస్తోంది.’
తొమ్మిది చోట్ల పిడి కొడితే గొట్టం పొడిదగ్గు దగ్గింది.
ఒకచోట అసలు పంపే లేదు.
దాని లోతు కూడా రాశాను నేను,
నలభై రెండు మీటర్లని.
ఎంత ముద్దుగా చుట్టానో ఆ రెండుని!

తర్వాతెవరో బిల్లుల పట్టికని దీని పక్కన పెట్టి చదివారు.
ఒకే పంపుని మూడు ఊళ్ళ పేర్లతో మూడుసార్లు కొన్నాం.
గుమ్మడికాయల దొంగెవరని ఎవరూ అడగనేలేదు,
భుజాలు తడుముకుంటూ ఒబుయా దొరగారు
బదిలీ అడిగి పుచ్చుకున్నారు.
ఏప్రిల్లో న్యామోరిలో నీళ్ళు పడ్డాయి.
అపోండికి బుట్టెడు ఎండుచేపలొచ్చాయి.
నాకూ రెండు పెట్టింది.
సిగ్గు పడుతూనే తిన్నాను, బాగున్నాయి.

కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండేది.

అదే ఊపులో ఆస్పత్రి పట్టికా తెరిచాం.
పేర్లు లేవు, అంత జాగ్రత్త పడ్డాం.
ఊరు, ఆడా మగా, వయసు, మందు, ఎంతమంది.
కగోలా. ఆడ. అరవై పైన.
ఆ మందు.
ఒకటి.

కగోలాలో అరవై దాటిన ఆడవాళ్ళు ముగ్గురే.
ఒకామె పోయి ఏడాదైంది, లెక్కలోంచి ఇంకా పోలేదు.
ఒకామె చూపు లేక గడప దాటదు.
మిగిలింది అడోయో.
పేరు తీసేశాం కానీ
మనిషి అక్కడే ఉండిపోయింది.

వారం తిరక్కుండా ఆమె తట్టలో చేపలు కొనేవాళ్ళు లేరు.

పొద్దున్నే నడుచుకుంటూ ఆఫీసుకొచ్చింది.
తిట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు.
‘ఆ ఒకటిని నాకు చూపించండి’ అంది.
అపోండి తెర తిప్పింది.
పొలుసులంటిన వేలితో ఆ గడిని తాకి
‘ఇంత చిన్నదా’ అంది.

ఆ రాత్రే చిన్న అంకెలన్నీ కప్పేశాం.
అయిదు లోపు ఉన్నచోటల్లా చుక్క పెట్టాం.
మర్నాడే ఓదెరా వచ్చి బల్ల గుద్దాడు:
‘రెండు నెలలుగా కగోలాకి మందు రావడం లేదు,
మీ చుక్కల కింద ఎవరు చస్తున్నారో
మాకెలా తెలియాలి?’
అపోండి నావైపు చూసింది.
నేను చుక్కవైపు చూశాను.
ఇద్దరూ నిజమే చెప్పారు,
నా దగ్గర గడి ఒకటే ఉంది.

మందు సంగతి నేనే వెళ్ళి అడిగాను, బస్సెక్కి,
పట్టికలో లేని పద్ధతిలో.
పెట్టె వచ్చింది, సగం నిండినది.

ఇప్పుడు రిజిస్టర్లో కొత్త గడి ఒకటి గీశాను:
‘ఎవరు చూశారు.’
చాలా ఊళ్ళ ముందు అది ఖాళీగానే ఉంది.
ఖాళీగానే జనం ముందు పెడుతున్నాం.

తెర మీద ఆ పొలుసు ఇంకా అంటుకునే ఉంది.
ఎండ పడినప్పుడు మెరుస్తుంది.
తుడవమని అపోండికి చెప్పలేదు,
తనూ తుడవలేదు.