అర మార్కు

ఒమన్‌లో మా టీచరు పేరు ఓమన.
సోహార్‌కు వచ్చిన మొదటి వారం
నాకు నవ్వొచ్చిన సంగతి అదొక్కటే.
ఎవరితో చెప్పుకోను? ఆ నవ్వుకు ఇంగ్లీషు రాదు.

కోరుట్ల బడిలో లెక్కల్లో నేను ఫస్టు.
కసాగు, గసాభా
నా రెండు జడల్లా వెంటే ఉండేవి.
ఇక్కడ వాటికి మూడేసి అక్షరాల పేర్లు పెట్టారు.
ఏది ఏదో పోల్చుకునేలోపు
గంట కొట్టేవాళ్లు.

తెలియక కాదు.
తెలిసింది నోటిదాకా వచ్చి
చెప్పులు దొరకక గడపలోనే నిలబడేది.
క్లాసంతా దేనికో నవ్వితే
ఒక్క క్షణం ఆలస్యంగా నేనూ నవ్వేదాన్ని.
ఆ ఒక్క క్షణాన్ని పక్క బెంచీ ఫిలోమినా చూసేది.

బాత్రూముకు పోతానని అడిగే వాక్యం
రాత్రంతా వల్లించి, పొద్దున మర్చిపోయి
మూడు పీరియడ్లు బిగబట్టుకున్న రోజొకటుంది.
దాని గురించి ఇంకెక్కువ రాయను.

నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు.
ఆయన ఇంగ్లీషు మొత్తం ఇరవై మాటలు:
లోడు, స్లోలీ, స్టాప్, డేంజర్, నో ప్రాబ్లం…
హోంవర్కు చూపిస్తే కళ్లద్దాలు తుడిచి
పేజీలు తిప్పి, బొమ్మ దగ్గర ఆగి
"మంచిగుంది బిడ్డా" అనేవాడు.
ఒక్కసారి మాత్రం గట్టిగా అన్నడు:
"అక్కడ బువ్వ తిన్నవ్, ఇక్కడ ఖుబ్బూస్ తింటలెవ్వా?
మాట గూడ గంతే. నమలాలె."

నమిలాను.
మన అక్షరాల్లో ఊరికే కూర్చునేది ఒక్కటీ లేదు.
ఇక్కడ నైఫ్ ముందర ఒక కే ఉంటుందట,
రాయాలట, పలకకూడదట.
ఆ కే మీద నాకు జాలేసేది.
రోజూ బడికొచ్చి, హాజరు పలికించుకుని
నోరెత్తకుండా ఇంటికెళ్లే అక్షరం.

ఆగస్టు చివర.
సముద్రం మీదినుంచి ఉక్క.
మా ఊరి బస్సు అద్దానికి
చలికాలం లోపలివైపు ఆవిరి పట్టేది.
ఇక్కడ ఏసీ గదికి బయటివైపు.
ఆవిరి కూడా తలకిందులే.

ఓమన మిస్ కిటికీ చూపించి ఏదో అడిగింది.
వై, వాటర్, ఔట్‌సైడ్,
మూడు మాటలు నా చేతికి దొరికాయి. చాలు.
గాలి, అందులో కనపడని నీళ్లు, చల్లటి గాజు
అంతా వరసగా కళ్లముందు నిలబడింది.
నేనూ నిలబడ్డాను.
నోరు తెరిస్తే వచ్చింది:
"సాంద్రీకరణం."

"శాండ్?" అన్నాడు అరుళ్.
క్లాసు గొల్లుమంది.
నిజమే, ఈ దేశంలో ఇసుకకేం తక్కువ.

మిస్ నవ్వలేదు.
సుద్దముక్క బోర్డు మీద అలాగే ఆగింది.
"సాంద్రీకరణం," అన్నది తనూ, మెల్లగా,
చిన్నప్పటి పేరుతో ఎవరో పిలిస్తే
వెనక్కి తిరిగినట్టు.
పాలక్కాడ్ దగ్గర ఏ పల్లె బడిలోనో
మలయాళంలో బట్టీ పట్టిన మాట, అదే మాట.
"బాష్పీకరణం?" అని అడిగింది.
"బాష్పీభవనం," అన్నాను.
ఆమెది కరణం, నాది భవనం.
మిగతా ఆవిరంతా ఒక్కటే.

అంతలో వరండాలో హెడ్‌మిస్ట్రెస్ మడమల చప్పుడు.
మిస్ గొంతు సవరించుకుంది.
"ఇన్ ఇంగ్లీష్, రవళీ."
బోర్డు మీద పన్నెండు అక్షరాల మాట రాసింది.
ఎక్కించుకున్నాను.

యూనిట్ టెస్టులో అదే ప్రశ్న.
పన్నెండులో ఒక అక్షరం తప్పు పోయింది.
పక్కన, పట్టీ పట్టనట్టు, చిన్నగా
తెలుగులో కూడా రాసి పెట్టాను.

ఆ లిపి ఆమెకు రాదు.
ఇంగ్లీషు మాటకు ఎర్ర సిరాతో సున్నా.
తెలుగు మాట పక్కన పెన్సిలుతో
అర మార్కు.
టోటల్లో అది కలవలేదు.

సంతకం పెడుతూ నాన్న
అక్కడ వేలు ఆపాడు.
"ఇదేంది బిడ్డా?"

"నో ప్రాబ్లం," అన్నాను.