మిద్దె మీద ఖుబానీలు

జుమేరాత్ బజార్‌ల కిలోల లెక్కన కొన్నడు మొగులయ్య
ఈ రెండు రేకు డబ్బాల్ని.
ఒకదాని మీద ఎర్ర అక్షరాలు, ఒకదాని మీద నీలివి.
ఎప్పుడో రెండు పెద్ద రాజ్యాలు
పోటీలు పడి ఉత్తగ పంపిన సినిమాలు,
కొండల నడుమ ఇరుక్కున్న ఒకే దేశం గురించి.
తూకమేసినోనికి రెండూ ఒకటే ఇనుము.

చిక్కడపల్లిల కుట్టుమిషన్ల దుకాణం మీద మా గది.
పదకొండు కుర్చీలు, పన్నెండో మనిషికి స్టూలు.
కిటికీలకు దుప్పట్లు కట్టినం.
అయినా క్రాస్ రోడ్స్ సెకండ్ షో ఈలలు
దుప్పటి సందుల్నించి దూరుతనే ఉంటయి.

తెలుగు వాక్యాలు రాసుడు నా పని.
బొమ్మ కింద రెండు వరుసలు, వరుసకు ముప్పై అక్షరాలు.
అంతకు మించితే
మనం చదివేలోపు మనిషి చచ్చిపోతడు తెర మీద.

ఎర్ర డబ్బా:
ట్రాక్టర్లు. కొత్త కాలువ. బల్లల ముందు పిల్లలు.
ఓ మట్టి మిద్దె మీద ముసలామె చెయ్యి ఊపుతది,
ఏదో అంటది.
ఆమె గొంతు మీద ఇంకో గొంతు ఎక్కి కూసుంటది:
"స్నేహితులకు స్వాగతం పలుకుతోంది గ్రామం."

నీలి డబ్బా:
కాలిన ట్రాక్టరు. ఎండిన కాలువ. బల్లల్లేని పిల్లలు.
అదే మిద్దె. పిట్టగోడకు అదే పగులు,
ఇంకో జానెడు పెరిగింది.
అదే ముసలామె, అదే చెయ్యి.
గొంతే మారింది:
"ఆదుకోమని లోకాన్ని వేడుకుంటోంది."

రెండూ రాసిన.
ఒక్క కామా వదలకుంట, బుద్ధిగ రాసిన.

మూడో వరుసల నవ్విందొక అమ్మాయి.
జర్మీనా. ఉస్మానియాల మొక్కల చదువు,
టోలిచౌకిల ముగ్గురితో పంచుకున్న గది.
నవ్వాల్సిన చోటు కాదది. అందరం వెనక్కి తిరిగినం.
"ఆపండి" అన్నది. "మళ్ల వెయ్యండి."

మొగులయ్య రీలు వెనక్కి తిప్పిండు.
మైకు గొంతు అడుగున,
బాయిల పడ్డ గిన్నె చప్పుడంత సన్నగ,
ముసలామె మాట.
జర్మీనా ఉర్దూల చెప్పింది, మెల్లగ:
"జరుగు కొడుకా, నీ నీడ పడుతోంది.
ఇవి ఎండవు."

అప్పుడు చూసినం ఆమె కాళ్ల దగ్గర
చాప నిండ పరిచిన పండ్లు.
రెండు సినిమాలు చూసి కూడ
ఎవ్వరం చూడని పండ్లు.

నీలి డబ్బా కూడ మళ్ల వేసినం.
అదే మాట. నీడ పడుతోంది, జరుగు.
ఈసారి "కొడుకా" లేదు.

మా నాయనమ్మ యాదికొచ్చింది.
సూర్యాపేట పక్కన పగలొచ్చిన తుపాకులకు ఒక కుండ,
రాత్రొచ్చిన తుపాకులకు ఒక కుండ వండిన మనిషి.
నువ్వు ఎవరి దిక్కు ఉంటివే అనడిగితే
"పొయ్యి దిక్కు" అనేది,
ఊదుగొట్టం పక్కన పెట్టకుంటనే.

నా రెండు వాక్యాలు కొట్టేసి
రెండు చోట్లా ఒకటే రాసిన.
ముప్పై అక్షరాలు కూడ పట్టలేదు.
"గిట్ల దిద్దితే ఇది ఎవరి సినిమా అయితది?"
మొగులయ్య అడిగిండు, బల్బు చల్లారేదాక చూసుకుంట.
నాకు తెల్వదన్న.

మళ్ల ఆదివారం బేగంబజార్‌ల ఖుబానీలు అడిగితే
"దారి బంద్ అయింది, ధర పెరిగింది" అన్నడు సేటు.
ఏ దారి, ఎవరు బంద్ చేసిండ్రు,
త్రాసుకు పట్టదు. పావుకిలో తెచ్చిన.
రాత్రి నానేసి, చక్కెరేసి ఉడకబెట్టి, మీగడ పోసి
గదికి పట్కపోయిన.

జర్మీనా ఒక చెంచా తిని
"మీరు చక్కెర ఎక్కువేస్తరు" అన్నది.
పారేద్దామని పక్కకు పెట్టిన గింజల్ని దగ్గరికి తీసుకుంది.
ప్రొజెక్టరు స్టాండు కింది ఇటుకతో
ఒక్కొక్కటే పగలగొట్టి,
లోపలి తెల్ల పప్పు తలా ఒకటి పంచింది.

ఆ మిద్దె ఇంకా ఉన్నదా అని
మేం అడగలేదు, ఆమె చెప్పలేదు.
నా వంతు పప్పు కొద్దిగ చేదుగున్నది.