మూడో చరణం

నూరేళ్ళ పండగన్నారు, ఏడు కచేరీలన్నారు,
సాల్మియాలో స్కూలు హాలు మాట్లాడారు.
ఫ్లెక్సీ మీద ఎనమండల చెన్నకేశవయ్య గారు
ఎవరిదో కోటు తొడుక్కుని ఉన్నారు,
భుజాల దగ్గర వదులు.
ఉన్న ఫోటో అదొక్కటే.

మైకులూ రికార్డింగూ నాకు అప్పజెప్పారు.
పగలు షువైఖ్‌లో టైర్ల గోడౌన్ లెక్కలు,
రాత్రి ఆయన గొంతు కోసం వెతుకులాట.
పాటలు ముప్పయ్యారు దొరికాయి, కాయితాల మీద.
గొంతు మాత్రం లేదు.
రేడియోలో ఉండేదట, చెరిపేసి
ఎరువుల ధరలు ఎక్కించారట.

ఫర్వానియాలో ఓబుళమ్మ అంది:
"పాటాయప్పదా? నా కాడుండాదే."

ముప్పయ్యేడేళ్ళుగా అరబ్బుల ఇళ్ళల్లో వంట.
పాలపొడి డబ్బాలో
పాత బతాకాలు, బంగారు రసీదులు,
వాటి అడుగున క్యాసెట్టు.
ట్యాంకులొచ్చిన ఆగస్టులో
బస్రా మీదుగా అమ్మాన్ దాకా
ఆమె చంకన వెళ్ళి
ఆమె చంకనే తిరిగొచ్చింది.

పెన్సిలు దూర్చి చుట్టాను.
మొదట గాలి. తర్వాత ఏదో పెరట్లో కోడి.
రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టి పట్టినట్టున్నారు.
అప్పుడు ఆయన.
అరవై దాటిన గొంతు, అంచున కాస్త బొంగురు.
ముఖారి, మిశ్రచాపు.
"ఎవ్వరి నీడ నుంటినో యిన్నినాళ్ళు..."

టైర్ల రబ్బరు వాసన ఇంకా చేతులకి ఉంది,
హెడ్‌ఫోన్ తీసి చేతులు కడుక్కొచ్చి
మళ్ళీ పెట్టుకున్నాను.

అనుపల్లవి అయింది. రెండు చరణాలయ్యాయి.
మూడోది ఎత్తుకోబోతూ ఊపిరి పీల్చాడు.
టక్.

"ఓబుళా, నేను పెంచలయ్యను.
ఖాళీ క్యాసెట్టు దొరకల్యా,
పాటాయప్ప మీదనే మాట్టాడతాండా.
మోటారు కాలిపోయింది,
వైండింగుకు మూడు నూర్లు అడగతాండాడు.
నువ్వంపిన సెంటు మూత తీయల్యా.
చీనీచెట్లు పూత పట్టినాయి.
ఇంగేముంది..."
చాలాసేపు టేపు తిరుగుడే.
"ఇంగేముంది."

కమిటీ వాళ్ళు చెయ్యూపేశారు:
ఆ ముక్క కోసెయ్, రెండు చరణాలతో ముగిద్దాం.
పాడాల్సిన సంహిత ఒప్పుకోలేదు.
ఇక్కడే పుట్టి, ఇక్కడే సరళీస్వరాలు దిద్దిన పిల్ల,
తెలుగు రాయడం సగమే వచ్చు.
ఓబుళమ్మనే అడిగింది,
"మూడో చరణం మీకేమైనా గుర్తుందా ఆంటీ?"

"వినల్యా నువ్వు? మోటారు కాలిపోయింది.
అదే గదమ్మా మూడోది."

శుక్రవారం రాత్రి.
రికార్డింగు కోసం ఏసీలు ఆపించాను.
పట్టుచీరలూ సఫారీలూ కరపత్రాలతో విసురుకుంటూ
నన్ను తిట్టుకుంటున్నారు.
మృదంగానికి రవ్వ తగ్గించారు, తంబురాకి దారం సరిచేశారు.
సంహిత రెండు చరణాలు పాడింది,
ఆపింది.
తొడ మీద తాళం మాత్రం ఆపలేదు:
తకిట తకధిమి, తకిట తకధిమి.
ఖాళీగా తిరుగుతోంది ఆవృత్తం,
నీళ్ళు రాని బోరులాగా.
వెనక ఎవరో పాట మర్చిపోయిందన్నారు.

మూడో వరసలో, మేడమ్ దగ్గర
తొమ్మిదింటి దాకా సెలవడిగి వచ్చిన ఓబుళమ్మ
పెదవులు కదులుతున్నాయి.
సరిగ్గా తాళానికి.
వైండింగుకు దగ్గర ఒక దెబ్బ,
పూత దగ్గర ఒకటి.
నేను ఆ వైపు మైకు మెల్లగా పెంచాను.

నలభయ్యొక్క సెకన్లు.
తర్వాత పల్లవి,
తర్వాత చప్పట్లు, అవి అవసరం కన్నా ఎక్కువ.

డిస్కులో ఆ ఖాళీ ఉండకూడదని
ఇవాళ కూడా ఫోను.
ఖాళీ ఎక్కడుందో చూపించమన్నాను.

ఆ రాత్రి సన్మానాలు మొదలవకముందే
ఆమె లేచి నా బల్ల దగ్గరికొచ్చింది,
గేటు బయట డ్రైవరు హారను కొడుతున్నాడు.
"క్యాసెట్టు ఎప్పుడిస్తావబ్బయా?
ఆయప్ప గొంతు కూడా
ఇదొగటే ఉండేది."