వెన్నుమీది గాయం

అబ్దలీ దాటినాక రోడ్డుండదు.
నీళ్ల ట్యాంకరు చక్రాల గాడే దారి.
నూట నలభై గొర్రెలు, పదకొండు మేకలు,
ఒక కుంటికుక్క, నేను.

గురువారం రాత్రి కఫీలు వస్తాడు, అబూ ఫలాహ్.
నిప్పుమీద గహ్వా కాగుతుంటే
ఏడు తరాల కిందటి ముత్తాత కథ ఎత్తుకుంటాడు.
ఒంటెల మందను తోలుకుపోయినవాళ్ల వెంట
ఒక్కడే పోయాడట.
నమాజు వేళ తప్పకుండా, కత్తి ఇసుకలో గుచ్చి,
సజ్దా చేసి, లేచి, అప్పుడు పోయి చచ్చాడట.
"రొమ్ముమీద తొమ్మిది గాయాలు,
వీపుమీద ఒక్కటీ లేదు," అంటాడు
తన ఛాతీ తడుముకుంటూ.

నాకొచ్చిన అరబ్బీ గొర్రెలకు చాలేంత.
అయినా కథంతా అర్థమైంది.
మా జేజినాయన గుమ్మెట మీద చెప్పిందే ఇది.
ఒంటెల బదులు ఆవులు,
సజ్దా బదులు నుదుట అడ్డబొట్టు, మెడలో లింగకాయ.
మందల బసివప్ప పడినచోట రాయి నిలబెట్టారు:
కింద కొట్లాట, నడుమ మోసుకుపోయే దేవకన్యలు,
పైన శివుడు.
వెన్నిచ్చినోడికి మా వైపు రాయి లేదు.
ఆ మాట దగ్గర జేజినాయన గుమ్మెట ఆపి
మగపిల్లల్ని ఒక్కొక్కరినే చూసేవాడు.
నేను వీపు గోడకానించి కూర్చునేవాణ్ణి.

ఇప్పుడు నా గాయం వీపుమీదే.
యాభై కిలోల బార్లీ మూటలు, లారీ నుంచి కొట్టం దాకా.
రెండో ఎండాకాలం తోలు లేచిపోయి
చొక్కాకంటుకుని మానింది.
ఏ శత్రువూ పొడవలేదు. నేను పారిపోనూ లేదు.
పారిపోను పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది.

ఇది గహ్వా తాగుతూ చెప్పే మాట కాదు.
మనిషి మంచోడే. మందు పూసుకోమని డబ్బా తెచ్చాడు.

ఒకటి మాత్రం అడిగాను, చేతుల్తో సగం, మాటల్తో సగం:
మగాళ్లంతా చచ్చిన ఆ రాత్రి
ఒంటెల పాలు ఎవరు పితికారు?
పొదుగులు సలిపి అరుస్తాయి కదా.
నవ్వాడు. నవ్వు ఆపి
నిప్పులోకి చూశాడు చాలాసేపు.
"కథలో లేదు," అన్నాడు.

మా కథలోనూ లేదు.

తెల్లారుజామున ఒక మేక కడుపులో పిల్ల అడ్డం తిరిగింది.
మోచేతి దాకా చేయి పెట్టి కాళ్లు వెతికాను.
ఎవర్ని తలుచుకోవాలో తోచక
బసివప్పా అన్నాను, యా అల్లా అన్నాను,
మేకనూ నాలుగు తిట్టాను.
జారి పడ్డాక
దాని తల కిబ్లా వైపుందో తూర్పుకుందో చూడలేదు.
ముక్కులో జిగురు నోటితో లాగి ఉమ్మేశాను.
తుమ్మింది.