కొంచెం సముద్రం

మా ఊళ్లో నీళ్లు ఎక్కడ నిలబడినా సాగరమే.
హుస్సేన్ సాగర్, హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్.
ఏడేళ్లొచ్చేదాకా నేను
అవతలి గట్టున సిటీ బస్సులు కనిపించేదే
సముద్రమనుకున్నాను.

ఆ ఎండాకాలం
లాలాగూడ వర్క్‌షాపులో నాయినకు పాసు దొరికింది,
బాపట్లకు, నలుగురికి, రానుపోను.

పక్క వాటాలో బొంతలు కుట్టే జులేఖమ్మ
పంటి కింద దారం తియ్యకుండానే అడిగింది:
"దర్యా కాడికంట గదా,
నాకింత తెస్తవా బిడ్డా?"
చేబదులు ఉప్పు అడిగినంత మామూలుగా.
కడిగిన రూహ్ అఫ్జా సీసా ఒకటి
నా చేతిలో పెట్టింది.

ఏం చూశావని ఇప్పుడడిగితే
పెద్దగా చెప్పలేను.
సూర్యలంక ఇసుక కాలింది.
అమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని
వేరే ఎవరి అమ్మలాగానో నవ్వింది.
నాయిన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి
పనిలో చేరిన మొదటిరోజు కూలీలా
దాని ముందు నిలబడ్డాడు,
ఎవరో పిలిచి పని చెబుతారన్నట్టు.
తమ్ముడు అంజన్ మాత్రం
ఒక్కటే ప్రశ్న:
"దీన్ని ఎవరు బంద్ చేస్తరు?"
రోజు విడిచి రోజు
గంటసేపు నల్లా వచ్చే ఇంటి పిల్లాడు మరి.

సీసా నింపడం మాత్రం చేతులకింకా గుర్తుంది.
అల వచ్చినప్పుడు ముంచితే ఇసుక,
పోయినప్పుడు ముంచితే గాలి.
నాలుగోసారికి నిండింది.
ఎంత కడిగినా పోని షర్బత్ ఎరుపు
అడుగు నుంచి మెల్లగా పైకి లేచి
నీళ్లు లేత గులాబీ అయ్యాయి.
అందరి సముద్రం నీలం.
నాది కాదు.

తిరుగు రైల్లో సీసాను పక్కలో పెట్టుకుని పడుకున్నా.
కాజీపేట దాటాక మూత ఊడింది.
సగం సముద్రం
పై బెర్తు నుంచి కారి కారి
కింద ఎవరివో చెప్పుల్లో చేరింది.

తెల్లారి సికింద్రాబాద్ ఒకటో నంబరు ప్లాట్‌ఫాం.
నాయిన పెట్టెలు లెక్కపెడుతుంటే
నల్లా తిప్పి సీసా నింపేశాను.
మామిడి ముక్కల కోసం తెచ్చుకున్న ఉప్పు పొట్లం
మిగిలిందంతా అందులో వొంపి,
బాగా ఊపి,
ఏమీ ఎరగనట్టు అంజన్ చెయ్యి పట్టుకున్నాను.

జులేఖమ్మ కొంగు తలమీదికి లాక్కుంది.
మూత తీసి ముందు చెవికి ఆనించింది.
తర్వాత వాసన చూసింది.
తర్వాత ఒక్క చుక్క
నాలుక మీద.
కుట్టు మిషను మీద పిల్లి
లేచి, ఒళ్లు విరుచుకుని, మళ్లీ పడుకుంది.
అంతసేపు ఆమె ఏమీ అనలేదు.

"అచ్చం దర్యానే" అంది నాయినతో.

ఆయన అటు తిరగగానే
నా చెవి పట్టుకుని, నొప్పి పెట్టకుండా మెలేసి,
"దర్యా నేను ఎన్నడు చూడలే బిడ్డా.
మంజీరా అయితే
నల్లా పడ్డ నాటి సంది తాగుతున్న" అంది.

ఆ సీసా ఆమె కిటికీలో చాన్నాళ్లుంది.
ఎండలకు నీళ్లు తగ్గి తగ్గి
గాజుకు తెల్లటి గీతలు మిగిలాయి,
ఒకదాని కింద ఒకటి,
ఆమె బొంత కుట్లలాగే కొంచెం వంకరగా.
వచ్చినవాళ్లందరికీ చూపించేది:
"మా పక్కింటి పిల్ల తెచ్చింది. సగం దర్యా, సగం..."
అక్కడ ఆపి, నావైపు చూసి,
చాయ్ తాగుతరా అని మాట మార్చేది.

తర్వాత విశాఖ చూశాను, పూరీ చూశాను,
కన్యాకుమారిలో మూడు నీళ్లూ చూశాను.
ఎక్కడికెళ్లినా
వంగి ఒక చుక్క నోట్లో వేసుకుంటాను.
ఉప్పు సరిగ్గానే ఉంటుంది.
ఆ ప్లాట్‌ఫాం నల్లా క్లోరిన్ వాసనే,
ఎంత వెతికినా,
ఉండదు.