పాతరలో మూడు సీసాలు

పాతర మూత తీసినాక ముందు మనిషి దిగకూడదు,
లాంతరు దిగాల.
ఈరన్న తాడు కట్టి వదిలాడు.
అంచున వంగి చూస్తున్నాం, ఆరుతుందా అని.
ఆరలేదు.
నలభై ఏళ్ళుగా గింజ పోయని పాతర,
అయినా అడుగు నుంచి జొన్నల ముక్కవాసనే వచ్చింది.

మూడు సీసాలు, చొప్పలో పండుకోబెట్టినవి.
బెంగుళూరులో హోటలు మూతబడిన రోజు
ఐదు నెలల జీతం కింద
స్టోరుకీపరు ఈరన్న చేతిలో పెట్టిన బోర్డో సారాయి.
సారాయి అంటే ఒప్పుకోడు. "వైను" అంటాడు.
"బాకీ తీరిందని సంతకం గూడా పెట్టినా" అంటాడు
ఈ రోజుకీ నవ్వకుండా.

ఆదోనిలో మే నెల. రాత్రి ఎనిమిదైనా
గోడ చెయ్యి పెట్టనియ్యదు.
మిద్దె మీద రెండు చాపలు, జొన్నరొట్టెలు, గుర్రెల కారం,
హనుమక్క పొద్దుట్నుంచి ఉడకబెట్టిన తలకాయ కూర.
గాజు గ్లాసులు మూడే దొరికాయి.
నాలుగోది స్టీలు లోటా,
దాని మీద ఎవరిదో పెండ్లి తేదీ చెక్కి ఉంది.

మొదటి బిరడా పొడి పొడిగా రాలింది.
టీ జల్లెడలో వడగట్టాం.
తడిసిన గోనెసంచి వాసన, నాలుక మీద ఉత్త పులుపు.
ఎవరూ ఏమీ అనలేదు.
ఈరన్నే మింగి, "ఇది జనవరి జీతం" అన్నాడు.

రెండోది తాగాం. బాగుందన్నాం.
ఏం బాగుందో చెప్పమంటే మళ్ళీ కూర వడ్డించుకున్నాం.

మూడో సీసా కాగితం మీద అంకెల్లో ఒకటి
పురుగు తినేసింది.
పందొమ్మిది వందల, మధ్యలో బొక్క, చివర ఐదు.
"ఎనభై ఐదు" అన్నాడు మద్దిలేటి,
జిన్నింగు మిల్లు కూత ఆఖరుసారి విన్న ఏడాది అది.
డెబ్బై ఐదే కావాలంది హనుమక్క. ఎందుకో చెప్పలేదు.
నాకు తొంభై ఐదు. నేనూ చెప్పలేదు.
"రిజిస్టరు యాడుండాది?"
"హోటలుతోనే పాయె."

గ్లాసును దీపానికి ఎత్తి పట్టాను.
ఎరుపనుకున్నాను, కాదు.
వాన తిన్న ఇటుక, అంచుల్లో ఎండిన చింతపండు.
బ్యాంకులో ముప్పై రెండేళ్ళు వడ్డీ కట్టినవాణ్ణి,
కాలం ఎక్కడం చూశాను,
ఇట్లా మెత్తబడడం చూడలేదు.
మొదట చేదు, ఆ వెనక నేరేడు వగరు, ఆ వెనక...
మాట దొరకలేదు. రొట్టె తుంచుకున్నాను.

పంపన్న తాగడు. మెడలో లింగకాయ,
పళ్ళెంలో రొట్టె, కారం, ఉల్లిగడ్డ.
మార్కెట్ యార్డులో పత్తి చూసిన ముక్కు,
కుప్ప దగ్గరికి పోకముందే ఎవరు తడి చల్లినారో చెప్పేస్తుంది.
"వాసనైతే చూడొచ్చు గదప్పా" అని లోటా తీసుకున్నాడు.
కండ్లు మూసుకున్నాడు.
"పాత సందుగ" అన్నాడు.
"మా నాయన చెప్పులు కుట్టిచ్చుకున్న తోలు.
నల్లరేగడి, వాన పడిన దినం కాదు, మూడో దినం."
చూపుడువేలు ముంచి, బొటనవేలితో నలిపి,
రెండింటినీ మెల్లగా విడదీశాడు,
పత్తి పింజ లాగినట్టు.
"పొడుగుంది" అన్నాడు.

అంతసేపూ "కుండ కడిగిన నీళ్ళు" అని తిట్టిన హనుమక్క
ఆ లోటా గుంజుకుని ఇంకో గుక్క తాగింది,
గోడ వైపు తిరిగి.

అడుగున మిగిలిన మడ్డి ఈరన్న పారబోయనియ్యలేదు.
ఐదు నెలల్లో ఇది ఏ నెల అని అడిగితే
వేళ్ళు మడిచి లెక్కబెట్టి, మధ్యలో ఆపేశాడు.
పంపన్న సైకిలెక్కుతూ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు:
"ఇంట్లో అడిగితే ఏం చెప్పేది?"
"పత్తి అని చెప్పు."

తెల్లారి ఐదున్నరకు ఫోను.
ఎవరని అడిగే లోపలే:
"రెండు తూర్లు సబ్బు పెట్టి కడిగినా.
ఇంకా ఉండాది."